బంతి చేతిలో లేనప్పుడు

బాస్కెట్‌బాల్ బాగా ఆడే కుర్రాణ్ణి ఒకణ్ణి కోర్ఫ్‌బాల్ కోర్టులో దింపి చూడండి. మొదటి పది నిమిషాలూ అతనికి విజిల్ మోతే. బంతి అందగానే అలవాటు కొద్దీ నేలకు కొట్టుకుంటూ ముందుకు ఉరుకుతాడు. విజిల్. ఎదురుగా చెయ్యెత్తి నిలబడ్డ డిఫెండర్ మీదుగా ఎగిరి షాట్ వేస్తాడు. బంతి చక్కగా బుట్టలోంచి కిందికి జారుతుంది. అయినా విజిలే, పాయింటు లేదు. పాస్ వేయబోతున్న అమ్మాయికి చేతులు అడ్డం పెడతాడు. మళ్లీ విజిల్. ఇన్నాళ్లూ అతన్ని గెలిపించిన ఒడ్డూపొడుగూ, ఒంటరిగా దూసుకెళ్లే నేర్పూ ఇక్కడ సగానికి సగం చెల్లవు.

అతను ఇక్కడ నిలదొక్కుకోవాలంటే ఇన్నాళ్లూ వేసుకున్న ప్రశ్న మార్చుకోవాలి. ‘నేనెలా వేయాలి?’ అన్నది పాత ప్రశ్న. ‘మాలో ఎవరు ఖాళీగా ఉన్నారు? ఎవరూ లేకపోతే నేను ఎవర్ని ఖాళీ చేయగలను?’ అన్నది కొత్తది. కోర్ఫ్‌బాల్ మొత్తం ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. అందుకే ఈ పుస్తకంలో ఒక అధ్యాయం దీనికి కేటాయించాను. కలిసి పనిచేయడం గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా ఒంటికి పట్టనిది, ఈ ఆటలో ఒక నెల చెమటోడిస్తే పడుతుందని నా నమ్మకం.

ఆట పుట్టిన సంగతి కొంచెం తెలిస్తే రూల్స్ ఎందుకలా ఉన్నాయో అర్థమవుతుంది. 1902లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పనిచేసే నికో బ్రూక్‌హాయ్‌సెన్ అనే ఉపాధ్యాయుడు వ్యాయామ విద్యలో శిక్షణ కోసం స్వీడన్‌లోని నేస్ అనే ఊరికి వెళ్లారు. అక్కడ గుంజకు బిగించిన రింగులోంచి బంతి వేసే ఆట ఒకటి చూశారు. ఆయన బడిలో అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే తరగతిలో కూర్చునేవారు. అందరూ ఒకే జట్టులో ఆడే ఆట కోసం ఆయన వెతుకుతున్నారు. తిరిగి వచ్చాక రింగు బదులు అడుగు లేని బుట్ట పెట్టారు. బంతి పడిందో లేదో దూరం నుంచి కూడా తేలిగ్గా తెలుస్తుందని. ఆటకు తగిన రూల్స్ రాశారు. మరుసటి ఏడాది, 1903లో, నెదర్లాండ్స్‌లో ఈ ఆటకు ఒక సంఘమే ఏర్పడింది.

ఆడామగా కలిసి మైదానంలో పరుగులు తీయడమేమిటని ఆ రోజుల్లో అక్కడ కూడా ముక్కున వేలేసుకున్నవాళ్లున్నారు. ఆట మాత్రం ఆగలేదు. 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లోనూ, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లోనూ ప్రదర్శన క్రీడగా ఆడారు. 1933లో అంతర్జాతీయ సమాఖ్య మొదలైంది. మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1978లో జరిగింది. అప్పటినుంచీ కప్పు డచ్చివాళ్లదే. ఒక్క 1991లో మాత్రం బెల్జియం ఎగరేసుకుపోయింది. 2023లో తైపేలో జరిగిన పోటీలో ఫైనల్ దాకా వచ్చి డచ్ జట్టుతో తలపడింది తైవాన్. అంటే ఇది ఇక ఐరోపా ఆట మాత్రమే కాదు. మన దేశంలోనూ కోర్ఫ్‌బాల్ సమాఖ్య ఉంది, భారత జట్టు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆడింది కూడా. అయినా మన ఊళ్లలో ఈ పేరు విన్నవాళ్లు తక్కువ. మీ కాలేజీలోనో, కాలనీలోనో దీన్ని మొదలుపెట్టేది మీరే కావచ్చు. అందుకే నేల మీద గీత గీయడం దగ్గరనుంచి చెబుతాను.

కోర్టు, పోల్, బుట్ట

కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. హ్యాండ్‌బాల్ కోర్టు కొలతలూ ఇవే. కాబట్టి ఆ గీతలున్న కాలేజీలో మీకు సగం పని తప్పినట్టే. మధ్యగీతతో కోర్టు రెండు జోన్లవుతుంది. ఒక్కో జోన్‌లో ఒక్కో పోల్. ఆ పోల్ చివరి గీత మీద ఉండదు, 6.67 మీటర్లు లోపలికి ఉంటుంది. బుట్ట పైఅంచు నేలకు 3.5 మీటర్ల ఎత్తులో, అంటే బాస్కెట్‌బాల్ రింగుకంటే దాదాపు అడుగున్నర పైన. వెనక బోర్డు లేదు. పోల్ చుట్టూ జాగా ఉంటుంది కాబట్టి ముందునుంచి వేసినట్టే వెనకనుంచీ వేయొచ్చు, పక్కనుంచీ వేయొచ్చు. ఈ చిన్న విషయం ఆటను పూర్తిగా మార్చేస్తుంది. దాడికి ‘ముందు’ అనేదే లేకపోవడంతో డిఫెండర్ ఏ వైపునా నిశ్చింతగా ఉండలేడు.

అసలు బుట్టలు ఇప్పుడు ప్లాస్టిక్‌వి, పసుపు రంగువి. లోపలి వ్యాసం సుమారు 40 సెంటీమీటర్లు, లోతు 25 సెంటీమీటర్లు. మొదట్లో వాటికోసం వెతుక్కుంటూ కూర్చోకండి. గట్టిగా అల్లిన పేము బుట్ట ఒకటి కొని అడుగు కోసేయండి. ఒకప్పుడు పోటీల్లో కూడా పేము బుట్టలే వాడేవారు. వెల్డింగ్ షాపులో ఇనుప పైపుకు పైన చిన్న కొక్కెం పెట్టించి బుట్ట బిగించండి. పాత లారీ టైరులో కాంక్రీటు పోసి పైపు నిలబెడితే పోల్ కదలదు. ఆ పైపుకు నేలనుంచి రెండు మీటర్ల ఎత్తు వరకు పాత పరుపు ఫోమ్ చుట్టండి. పరుగు మీద వచ్చి పోల్‌కు గుద్దుకోవడం కొత్తవాళ్లకు తప్పదు. బంతి 5వ నంబరు సైజు, మామూలు ఫుట్‌బాల్ అంత. అసలు కోర్ఫ్‌బాల్ బంతికి చేతికి పట్టు ఎక్కువ. అది దొరికేదాకా ఫుట్‌బాల్‌తో నేర్చుకోవచ్చు. చిన్నపిల్లలకు బుట్ట కిందికి దించండి. ఎత్తు అందని పిల్లలు చేయి విసిరి వేయడం అలవాటు చేసుకుంటారు, ఆ అలవాటు తర్వాత పోదు.

జట్టుకు 8 మంది. నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు. ఒక్కో జోన్‌లో ఇద్దరేసి. ఒక జోన్‌లో మీ నలుగురు దాడి చేస్తుంటే, మధ్యగీతకు అవతల మీ మిగతా నలుగురు కాపలా కాస్తుంటారు. మధ్యగీత దాటి అవతలి జోన్‌లో ఆడకూడదు. రెండు జట్లవీ కలిపి ప్రతి రెండు గోల్స్‌కూ అందరూ జోన్ మారతారు. ఇప్పటిదాకా దాడి చేసినవాళ్లు వెళ్లి కాపలా కాస్తారు, కాపలా కాసినవాళ్లు దాడికి వస్తారు. ఆ మార్పు నుంచి ఎవరికీ మినహాయింపు లేదు. ‘నేను షూటర్ని, డిఫెన్స్ నాకు రాదు’ అనే మాట ఇక్కడ నడవదు. నాకు ఈ ఆటలో అన్నింటికంటే ఇష్టమైన రూల్ ఇదే. తాను కాపలా కాసేటప్పుడు ఏది కష్టమో అనుభవించినవాడు, దాడికి వెళ్లినప్పుడు ఎదుటివాణ్ణి ఏం చేస్తే ఇబ్బంది పడతాడో తెలుసుకుని వెళ్తాడు. అలాగే తన జట్టులో కాపలా కాసేవాళ్ల మీద కేకలు వేయడం మానేస్తాడు.

ఆటను నడిపే మూడు కట్టడులు

మొదటిది, బంతి చేతిలో ఉండగా నడవకూడదు, పరిగెత్తకూడదు, నేలకు కొట్టుకుంటూ పోకూడదు. నిలబడి బంతి అందుకుంటే ఒక కాలు నాటుకుని రెండో కాలుతో చుట్టూ తిరగవచ్చు, అంతే. పరుగులో అందుకుంటే వెంటనే ఆగాలి, లేదా మూడోసారి పాదం నేలను తాకేలోపు బంతి చేయి వదలాలి. దీని ఫలితం ఏమిటో గమనించండి. బంతి ఉన్నవాడే మైదానంలో అందరికంటే కదలలేని మనిషి. ఆట ముందుకు సాగాలంటే బంతి లేని ముగ్గురు కదలాలి. కొత్త జట్లు ఓడిపోయేది షాట్లు రాక కాదు. బంతి ఒకరికి అందగానే తక్కిన ముగ్గురూ అతనివైపు చూస్తూ నిలబడిపోతారు, అక్కడ ఓడిపోతారు.

రెండోది, అబ్బాయిని అబ్బాయే కాయాలి, అమ్మాయిని అమ్మాయే కాయాలి. బంతి విసరబోతున్న అమ్మాయిని అబ్బాయి అడ్డుకోకూడదు, అమ్మాయి కూడా అబ్బాయిని అడ్డుకోకూడదు. ఒకరిమీద ఇద్దరు కమ్ముకోకూడదు. గాలిలో వస్తున్న పాస్‌ను, నేలమీద దొర్లుతున్న బంతిని మాత్రం ఎవరైనా అందుకోవచ్చు. తోయడం, పట్టుకోవడం, ఎదుటివారి చేతిలోంచి బంతి లాక్కోవడం, కొట్టి పడేయడం ఏవీ కుదరవు. బ్రూక్‌హాయ్‌సెన్ చేసిన గొప్ప పని ఇక్కడుంది. అమ్మాయిలకు బంతి ఇవ్వడాన్ని అబ్బాయిల మంచితనానికి ఆయన వదిలేయలేదు, ఆట లెక్కలోనే పెట్టేశారు. ఒక జోన్‌లో ఇద్దరు అమ్మాయిలను పట్టించుకోకుండా ఇద్దరు అబ్బాయిలే ఆడుకుంటూ ఉంటే, ఎదుటి జట్టు అబ్బాయిలకు ఆ ఇద్దర్నీ కాయడం చిటికెలో పని. నాలుగు వైపులనుంచీ ప్రమాదం ఉంటేనే బుట్టకు దారి తెరుచుకుంటుంది.

మూడోదాన్ని అర్థం చేసుకోవడానికే ఎక్కువ సమయం పడుతుంది. డిఫెండర్ కాపలాలో ఉండగా వేసిన షాట్ చెల్లదు. కాపలా అంటే ఏమిటి? డిఫెండర్ మీకంటే పోల్‌కు దగ్గరగా ఉండాలి. మీవైపు తిరిగి ఉండాలి. చేయి చాస్తే మీరు అందేంత దూరంలో ఉండాలి. చెయ్యెత్తి బంతిని ఆపడానికి నిజంగా ప్రయత్నిస్తూ ఉండాలి. ఇవన్నీ ఒకేసారి ఉంటే మీరు షాట్ వేయకూడదు. వేసి బుట్టలో పడ్డా గోల్ ఇవ్వరు, బంతి అవతలివాళ్లకు వెళ్తుంది. ఆరున్నర అడుగుల మనిషికైనా ఇదే లెక్క. ఎత్తుతో ఎగిరి వేయడమనే దారి మూసుకుపోయింది కాబట్టి మిగిలింది రెండే. డిఫెండర్‌ను వెనకేసి పోల్‌వైపు దూసుకుపోవాలి, లేదా ఒక్క అడుగు వెనక్కు జారి అతని చేతికి అందనంత దూరం తెచ్చుకోవాలి.

ఈ కట్టడివల్ల మీలో ఒక మార్పు వస్తుంది. దారి మూసుకున్నప్పుడు మొండిగా తోసుకుపోయే బుద్ధి తగ్గుతుంది. బంతిని తిరిగి ఇచ్చేసి, చోటు మార్చి, మళ్లీ అడగడం వస్తుంది. ఆఫీసుల్లో, ఇళ్లలో కూడా చాలామందికి రానిది ఈ మూడో అడుగే. ఇచ్చేయడం వరకు చేస్తారు, మళ్లీ అడగరు.

చేతులకూ కాళ్లకూ నేర్పవలసినవి

ముందు దూరపు షాట్. కాళ్లు భుజాల వెడల్పున పెట్టి, బంతిని రెండు చేతులతో గుండె ఎత్తున పట్టుకోండి. వేళ్లు బాగా విప్పి, బంతికి పక్కలనుంచి కాస్త వెనగ్గా ఉండాలి. మోకాళ్లు వంచి లేస్తూనే బంతిని నుదుటి మీదుగా పైకి నెట్టండి. చేతులు పూర్తిగా చాచి, చివర్లో రెండు మణికట్లూ ఒకేసారి వదలాలి. బలమంతా కాళ్లలోంచి రావాలి. బోర్డు లేదు కాబట్టి బంతి పైకి లేచి పైనుంచి బుట్టలోకి దిగాలి. సూటిగా వేస్తే అంచుకు తగిలి ఎక్కడికో ఎగిరిపోతుంది. రెండు మీటర్ల దూరంలో పదికి ఏడు పడేదాకా వెనక్కు జరగకండి. దూరం నుంచి వేయాలని అందరికీ ఉంటుంది. దగ్గర్నుంచి సరిగా వేయడం రానివాడు దూరంనుంచి వేసేది షాట్ కాదు, అదృష్ట పరీక్ష.

తర్వాత పరుగు షాట్. దీన్ని కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఆట అందమంతా ఇందులోనే ఉంది. ఒకమ్మాయి పోల్‌కు ఆరు మీటర్ల దూరంలో ఉందనుకోండి. ఎదురుగా ఆమెను కాసే డిఫెండర్. పోల్ ముందు, బుట్టకు వీపు పెట్టి, ఆమె జట్టువాడే ఒకతను నిలబడి ఉన్నాడు. అతన్ని ఫీడర్ అంటారు. ఆమె బంతి ఫీడర్‌కు వేసింది. వేసి ఎడమవైపుకు ఒక అడుగు నిజంగా వెళ్తున్నట్టే వేసింది. డిఫెండర్ బరువు అటు ఒరిగింది. అదే క్షణంలో ఆమె కుడివైపునుంచి పోల్‌వైపు పరుగందుకుంది. డిఫెండర్ భుజాన్ని దాటేసింది. ఇప్పుడు డిఫెండర్ ఆమె వెనక ఉంది, పోల్‌కు దగ్గరగా లేదు. కాపలా తెగిపోయింది. ఫీడర్ బంతిని విసరడు. ఆమె రెండడుగుల తర్వాత ఎక్కడుంటుందో అక్కడ, నడుముకూ ఛాతీకీ మధ్య ఎత్తులో, మెత్తగా వదులుతాడు. ఆమె దాన్ని పరుగులోనే అందుకుని, అడుగు వేసి, ఒంటికాలిమీద లేచి, రెండు అరచేతులూ బంతి కింద పెట్టి కిందినుంచి పైకి ఎత్తి వదిలేస్తుంది. బంతి తిరగకుండా లేస్తుంది, బుట్టలోకి దిగుతుంది. ఆమె పాస్ ఇచ్చిన క్షణంనుంచి అంతా కలిపి రెండు సెకన్లకు మించదు.

ఇందులో గోల్ ఆమె పేరున పడుతుంది. గోల్‌ను సాధ్యం చేసింది ఫీడర్. బంతి అర క్షణం ముందు వదిలితే డిఫెండర్ అందుకుంటుంది, అర క్షణం ఆలస్యమైతే ఆమె పోల్ కిందికి వచ్చేసి బుట్ట నెత్తిమీద ఉంటుంది. మంచి ఫీడర్ బంతిని చూడడు, వచ్చేవాళ్ల కాళ్లను చూస్తాడు. ఎవరికి ఏ ఎత్తులో బంతి ఇష్టమో గుర్తు పెట్టుకుంటాడు. ఒకరికి ఎడమచేతివైపు కావాలి, ఒకరికి కాస్త ముందుకు కావాలి. మీ జట్టులో ఈ ఓపిక ఉన్నవాళ్లెవరో కనిపెట్టండి. అది అబ్బాయే అయ్యుండక్కర్లేదు. చాలా జట్లలో పొడుగ్గా ఉన్న అబ్బాయిని పోల్ దగ్గర నిలబెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. పొడుగు ఉపయోగపడేది రీబౌండ్‌కు. ఫీడింగ్‌కు కావలసింది కన్ను.

రీబౌండ్ సంగతి. ఎంత మంచి షూటరైనా వేసిన వాటిలో చాలావరకు పడవు. బుట్టకు తగిలి కిందికి వచ్చిన ప్రతి బంతినీ మీవాళ్లు పట్టుకుంటే షూటర్ భయం లేకుండా వేస్తాడు. పోల్ దగ్గర ఎవరూ లేరని తెలిస్తే చేయి వణుకుతుంది. కాబట్టి రీబౌండ్‌కు నిలబడ్డవారు డిఫెండర్‌ను తోయకుండా, ముందుగానే చోటు పట్టుకుని, చేతులు పైకెత్తి ఎదురుచూడాలి. కొత్త జట్లు నాలుగు మూలలా నిలబడి బంతి తిప్పుతూ ఉంటాయి. అలాకాకుండా ఒకరు ఫీడ్‌కు, ఒకరు రీబౌండ్‌కు పోల్ దగ్గర, ఇద్దరు బయట దూరంలో ఉండి మొదలుపెట్టండి. అలవాటయ్యాక, పోల్ దగ్గర ఒక్కరే ఉండి ముగ్గురు బయటనుంచి దాడి చేయడం ప్రయత్నించవచ్చు. ఈ స్థానాలు ఒకరికి రాసిచ్చినవి కావు. దాడి మధ్యలోనే మారిపోతూ ఉండాలి.

డిఫెన్స్‌లో ఒక రహస్యం ఉంది. జోన్‌లో మీవైపు ఇద్దరే అమ్మాయిలు, ఇద్దరే అబ్బాయిలు. ఒకమ్మాయి చేతిలోంచి అటాకర్ జారిపోతే ఆదుకోగలిగేది ఆ జోన్‌లో ఇంకొక్క అమ్మాయి మాత్రమే. అబ్బాయి పరిగెత్తి వెళ్లినా లాభం లేదు. అందుకే డిఫెన్స్‌లో నలుగుర్ని ఒక గుంపుగా కాకుండా రెండు జతలుగా తయారు చేయండి. ఆ జత ఒకరితో ఒకరు ఆగకుండా మాట్లాడుకోవాలి. ‘నీ వెనక’, ‘మార్చుకో’, ‘నేనున్నా’. మూడు మాటలు చాలు. మౌనంగా ఆడే డిఫెన్స్ ఎంత వేగమైనదైనా చిల్లులు పడుతుంది. కాచేటప్పుడు ఒక చెయ్యి బంతికి అడ్డంగా పైన, కళ్లు ఎదుటివారి నడుము మీద. చేతులు మోసం చేస్తాయి, ముఖం మోసం చేస్తుంది, నడుము మోసం చేయలేదు.

అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే జట్టుగా

మన దగ్గర అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. ప్రైమరీ స్కూల్ దాటాక మన పిల్లలకు పీటీ పీరియడ్ అంటేనే విడిపోవడం. అటు క్రికెట్, ఇటు త్రోబాల్, టెన్నికాయిట్. ఇంటర్‌కు వచ్చేసరికి ఒకే మైదానంలో కలిసి ఆడిన జ్ఞాపకమే ఉండదు. అలాంటివాళ్లను ఒక జట్టు చేస్తే మొదటి వారం ఏం జరుగుతుందో చాలా చోట్ల చూశాను. అబ్బాయిలు ఒకరికొకరు పాస్‌లు వేసుకుంటారు. అమ్మాయిలు ఖాళీగా ఉండి కూడా బంతి అడగరు. ఒకసారి అడిగి అందకపోతే రెండోసారి చెయ్యెత్తడం మానేస్తారు. కోచ్ ‘అమ్మాయిలకూ ఇవ్వండిరా’ అని అరుస్తాడు. ఆ మాట వల్ల ఇంకా చెడుతుంది. బంతి ఇవ్వడం అప్పుడు దయగా మారిపోతుంది, దయతో వచ్చిన బంతిని ఎవరూ ధైర్యంగా ఆడరు.

అరవడం కంటే ఆటలో ఏర్పాటు చేయడం మేలు. ప్రాక్టీసులో ఒక షరతు పెట్టండి. నలుగురి చేతుల్లోంచీ బంతి వెళ్లాకే షాట్ వేయాలి. దాంతో ఒక్కరు నిలబడిపోయినా జట్టు మొత్తం ఆగిపోతుంది. ఎవరు ఖాళీగా ఉన్నారో చూడటం అందరికీ అవసరమవుతుంది. మూడు నాలుగు వారాలయ్యాక ఆ షరతు తీసేయండి. అప్పటికి కళ్లు అలవాటు పడి ఉంటాయి. ఇంకొకటి, అందరూ ఫీడర్‌గా వంతులవారీగా నిలబడాలి. బంతికోసం పోల్‌వైపు పరిగెత్తుకొచ్చే ముగ్గురినీ చూడాల్సిన స్థానం అది. అక్కడ ఒక గంట నిలబడ్డ అబ్బాయికి ఆ తర్వాత అమ్మాయిల పరుగు కనబడుతుంది.

పిలుపుల విషయం చిన్నదిగా కనిపిస్తుంది, కాదు. జూనియర్లు సీనియర్లను ‘అన్నా’, ‘అక్కా’ అని పిలవడం మన మర్యాద, దాన్ని కోర్టు బయట అలాగే ఉంచండి. ఆటలో మాత్రం ఇద్దరు అన్నలు, ఇద్దరు అక్కలు ఉంటే ‘అన్నా’ అని అరిస్తే ఎవరు తిరగాలి? రెండక్షరాల పేర్లు నిర్ణయించుకోండి. సీనియర్లే ముందు చెప్పాలి, ‘కోర్టులో నన్ను పేరుపెట్టి పిలవండి’ అని. వాళ్లు నోరు తెరిచి చెప్పకపోతే చిన్నవాళ్లు ఎప్పటికీ పిలవరు, పాస్ ఎప్పటికీ అడగరు.

తల్లిదండ్రులకు సందేహాలుంటాయి, ఉండటం సహజం. వాటిని పాతకాలపు చాదస్తమని కొట్టిపారేయకండి. ఒకరోజు సాయంత్రం ప్రాక్టీసుకు పిలవండి. ఈ ఆటలో తోపులాట తప్పు అని, అబ్బాయి అబ్బాయినే కాస్తాడని చూపించండి. కళ్లారా చూసిన అమ్మకు వంద మాటలు చెప్పక్కర్లేదు. బట్టలు ట్రాక్ ప్యాంటు, టీషర్టు చాలు. చున్నీ, గాజులు, వేలాడే దుద్దులు, ఉంగరాలు, వాచీలు తీసేయాలి, గోళ్లు కత్తిరించుకోవాలి, ఇది అందరికీ. అమ్మాయిలు బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది, ప్రాక్టీసు అయ్యాక చీకటి పడకముందే ఇల్లు చేరే సమయం, ఈ రెండూ మొదటిరోజే ఏర్పాటు చేయండి. జట్టులోంచి అమ్మాయిలు తగ్గిపోవడానికి ఆట కష్టం కావడం కారణమైన సందర్భాలు తక్కువ. ఈ రెండూ లేకపోవడమే కారణం.

మొదటి నెల

మొదటి వారం బుట్ట జోలికి పోకండి. నలుగురు నలుగురు రెండు జట్లుగా, బంతితో కదలకుండా వరసగా పది పాస్‌లు వేయడమే ఆట. పది పూర్తయితే ఒక పాయింటు. విసిరాక నిలబడిపోయినవారు తమంతట తామే బయటికి వచ్చి కోర్టు చుట్టూ ఒక రౌండు పరిగెత్తాలి. రెండో వారంనుంచి జతలుగా షాట్లు. ఒకరు వేస్తుంటే ఒకరు పోల్ కింద రీబౌండ్ పట్టి తిరిగి ఇవ్వాలి. ఈ జతల్లో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఉండేలా చూడండి, రోజూ జత మార్చండి. ఆపైన పరుగు షాట్, ఫీడర్‌తో. దీనికి తొందర పడకండి, రెండు వారాలు పట్టినా పట్టనివ్వండి. ఆ తర్వాత ఒకే పోల్ దగ్గర నలుగురు దాడి, నలుగురు కాపలా. కాపలా కాసేవాళ్లు బంతి సంపాదిస్తే పాత్రలు మారతాయి. ఇక్కడికి వచ్చాక మీరు కోర్ఫ్‌బాల్ ఆడుతున్నట్టే.

విజిల్ పట్టుకునే మనిషిని కూడా మొదటినుంచీ తయారు చేసుకోవాలి. కాపలా ఉన్న షాటా, లేని షాటా అన్నది ఆటలో అన్నింటికంటే కష్టమైన తీర్పు. గాయంవల్ల ఆడలేకపోతున్నవారికి, బయట కూర్చున్నవారికి వంతులవారీగా ఆ పని ఇవ్వండి. ప్రతి విజిల్‌కూ ఎందుకు ఊదారో ఒక్క మాటలో బిగ్గరగా చెప్పమనండి. ‘చెయ్యి అందేంత దూరంలో ఉంది’, ‘వెనక పడిపోయింది, గోల్ ఇచ్చాను’. విన్నవాళ్లందరికీ రూల్స్ పుస్తకం చదవకుండానే వచ్చేస్తాయి. ఒక జట్టు తప్పు చేసినందుకు ఎదుటి జట్టుకు ఫ్రీ పాస్ ఇస్తే దాన్నుంచి నేరుగా షాట్ వేయకూడదు, ఎవరికైనా ఇవ్వాలి. గోల్ అవకాశాన్ని తప్పు చేసి చెడగొడితే పెనాల్టీ. పోల్ ముందు 2.5 మీటర్ల దూరంనుంచి, ఎవరి అడ్డూ లేకుండా వేస్తారు. పెనాల్టీ వేసేవారిని ముందే నిర్ణయించుకుని పెట్టుకోకండి. ప్రాక్టీసులో అందరూ వేయాలి. మ్యాచ్‌లో ఆరోజు ఎవరి చేయి నిమ్మళంగా ఉందో వాళ్లు వేయాలి.

ఎనిమిది మందిని రెండు నాలుగులుగా విడదీసేటప్పుడు మంచి ఆటగాళ్లందర్నీ ఒకేచోట పెట్టే ఆశ కలుగుతుంది. అలా చేస్తే ఒక నలుగురు గోల్స్ వేస్తూ, ఇంకో నలుగురు గోల్స్ ఇచ్చుకుంటూ ఉంటారు. జోన్ మారినప్పుడు తారుమారవుతుంది, అంతే. ఒక్కో నాలుగులో ఒక నికరమైన ఫీడర్, రీబౌండ్‌కు నిలబడగల ఒకరు, దూరంనుంచి వేయగల ఒకరైనా ఉండేలా చూడండి. ఎక్కువగా మాట్లాడేవాళ్లను రెండుచోట్లా సర్దండి. మధ్యగీత అవతల ఉన్న నలుగురు ఆ సమయంలో ఊరికే నిలబడి ఉండకూడదు. ఎదుటి జట్టు డిఫెండర్లలో ఎవరు తొందరగా ఒరుగుతున్నారో, ఎవరు చెయ్యి దించేస్తున్నారో చూసి పెట్టుకోవాలి. ఆ సంగతి దాడిలో ఉన్న తమ నలుగురికీ చెప్పాలి.

పెద్ద పోటీల్లో బంతి దొరికాక 25 సెకన్లలో షాట్ వేయాలనే గడియారం ఉంటుంది. మీ మొదటి మ్యాచ్‌లో అది పెట్టకండి. ఎంతసేపు పట్టినా నలుగురూ కదిలి ఖాళీ చేసుకోవడం నేర్చుకోనివ్వండి. మూడో నాలుగో మ్యాచ్‌కు పెట్టండి.